సంపాదకుడు రాజకీయాల్లోకి, రాయబార కార్యాలయంలోకి వెళ్తే: అపోహలు - వాస్తవాలు

నేను అనంతపురంలో జిల్లా డెస్క్‌లో పనిచేస్తాను. ఏ పత్రికా సంపాదకుడైనా పార్టీ కండువా కప్పుకున్నాడన్నా, విదేశానికి రాయబారిగా వెళ్తున్నాడన్నా క్లాక్ టవర్ దగ్గర టీ అంగట్లో వినిపించేది ఒకే మాట: "అంతా ముందే మాట్లాడుకోనింటారులే." అలా మాట్లాడుకున్నవాళ్లు లేరని నేను అనను. అందరినీ ఒకే గాటన కట్టడం మాత్రం అన్యాయం.

అపోహ: పత్రికల నుంచి రాజకీయాల్లోకి దూకడం ఈ కాలపు జబ్బు.

వాస్తవం: మా సీమలో మొదట వచ్చింది రాజకీయం. పత్రిక దాని కోసమే పుట్టింది. కర్నూలులో 1883లో పుట్టిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు బెజవాడలో 'స్వరాజ్య' నడుపుతూ, 1908లో తెల్లదొరతనాన్ని క్రూరవ్యాఘ్రమని రాసినందుకు మూడేళ్ల కఠిన శిక్ష అనుభవించారు. తర్వాత మద్రాసు శాసన మండలిలో సభ్యులయ్యారు, గ్రంథాలయోద్యమాన్ని భుజానికెత్తుకున్నారు. ('రాయలసీమ' పేరు పెట్టింది ఆయనేనని ఇప్పటికీ రాస్తుంటారు. 1928 నవంబరులో నంద్యాల ఆంధ్ర మహాసభలో ఆ పేరు ప్రతిపాదించింది చిలుకూరి నారాయణరావు.) అనంతపురంలో 1926లో 'శ్రీ సాధన పత్రిక' పెట్టిన పప్పూరు రామాచార్యులు కాంగ్రెస్ మనిషి. ఆ సంగతి ఆయన ఎన్నడూ దాచలేదు. తరిమెల నుంచి వచ్చిన విద్వాన్ విశ్వానిది ఎదురు దారి. కమ్యూనిస్టు నాయకుడు తరిమెల నాగిరెడ్డితో కలిసి ఉద్యమ సాహిత్యం అచ్చువేసిన మనిషి చివరికి పత్రికల్లోనే స్థిరపడ్డారు.

కాబట్టి ఎటు నుంచి ఎటు వెళ్లారన్నది అసలు ప్రశ్న కాదు. ఆ సంగతి పాఠకుడికి తెలిసేలా వెళ్లారా, తెలియకుండా వెళ్లారా? నేను అడిగేది అదొక్కటే.

అపోహ: సంపాదకీయం దంచి రాసేవాడు మంత్రిగానూ దంచేస్తాడు.

వాస్తవం: విజయనగరం బిడ్డ సి.వై. చింతామణి అలహాబాదు 'లీడర్' సంపాదకుడిగా దేశమంతా పేరు తెచ్చుకున్నారు. 1921లో సంయుక్త పరగణాల్లో (ఇప్పటి ఉత్తరప్రదేశ్ ప్రాంతం) మంత్రయ్యారు. బ్రిటిష్ కాలపు ఆ ద్వంద్వ ప్రభుత్వంలో బాధ్యత మంత్రిది, పట్టు గవర్నరుది. 1923లో రాజీనామా చేసి మళ్లీ పత్రికకే వచ్చేశారు. సంపాదకుడు రాత్రి తొమ్మిదింటికి తీసుకున్న నిర్ణయం తెల్లారేసరికి అచ్చులో ఉంటుంది. మంత్రి తీసుకున్న నిర్ణయం ఫైలెక్కి ఎన్నో బల్లలు తిరగాలి. ఆ నిదానంలో, పట్టు లేని పదవిలో ఉండలేక వెనక్కి వచ్చినవాణ్ని చేతగానివాడని నేను అనలేను.

అపోహ: రాయబారి పదవంటే విందులూ వినోదాలే. నచ్చిన సంపాదకుడికి ప్రభుత్వం ఇచ్చే బహుమతి.

వాస్తవం: దీని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. 1924లో మొదలైన 'హిందుస్థాన్ టైమ్స్' తొలి సంపాదకుడు కె.ఎం. పణిక్కర్. ఆ కుర్చీలోంచి ఆయన నేరుగా చైనాకు రాయబారిగా వెళ్లలేదు. మధ్యలో రెండు దశాబ్దాలకు పైగా గడిచాయి, అందులో చాలాకాలం సంస్థానాల్లో పనిచేశారు. 1948లో ఆ పదవి వచ్చింది. కొరియా యుద్ధం సాగుతుండగా, 1950 అక్టోబరు మొదటి వారంలో ఓ అర్ధరాత్రి చైనా ప్రధాని చౌ ఎన్‌లై ఆయన్ని పిలిపించి, అమెరికా సేనలు ఉత్తర, దక్షిణ కొరియాలను విడదీసే 38వ అక్షాంశం దాటితే చైనా ఊరుకోదని చెప్పారు. పణిక్కర్ ఆ మాట వెంటనే ఢిల్లీకి చేరవేశారు. అక్కణ్నుంచి అది వాషింగ్టన్‌కూ చేరింది. అక్కడివాళ్లు నమ్మలేదు. మాట మోసుకొచ్చిన మనిషినే అనుమానించారు. ఆ నెల తిరగకుండానే చైనా సేనలు కొరియాలో దిగాయి.

విలేఖరి పని కూడా ఇదే కదా: విన్నది వక్రీకరించకుండా, సమయానికి చేర్చడం. తేడా ఒకటుంది. మన వార్త ఊరంతా చదువుతుంది. రాయబారి పంపిన తంతి నలుగురైదుగురి కళ్లబడి అల్మారాలోకి పోతుంది, పేరు బయటికి రాదు. బైలైన్ (వార్తపై అచ్చయ్యే తన పేరు) మీద బతికిన మనిషి దాన్ని వదులుకోవడం ఎంత కష్టమో డెస్క్‌లో ఉన్న మాకు తెలుసు.

పైగా మన ప్రభుత్వం అనుకుంటే సరిపోదు. 1961 వియన్నా ఒప్పందం ప్రకారం అవతలి దేశం ముందుగా సమ్మతించాలి. వద్దంటే కారణం కూడా చెప్పనక్కర్లేదు.

అపోహ: రాజ్యసభలో విలేఖరులకు కోటా ఉంది.

వాస్తవం: లేదు. రాజ్యాంగం 80వ అధికరణం కింద నామినేట్ చేసే 12 మందికి చెప్పిన రంగాలు సాహిత్యం, విజ్ఞానం, కళ, సమాజసేవ. అందులో పత్రికారంగం పేరు లేదు. 1990లో లండన్‌లో హైకమిషనర్‌గా, అంటే రాయబారిగా, పనిచేసిన పాత్రికేయుడు కుల్‌దీప్ నయ్యర్ 1997లో రాజ్యసభకు నామినేట్ అయ్యారు. ఆ రెండూ ఒకేసారి చేయడం కుదిరేది కాదు, రాయబారిది లాభదాయక పదవి, అంటే ప్రభుత్వం జీతమిచ్చే పదవి; అందులో ఉంటూ ఎంపీగా ఉండకూడదు.

అపోహ: ఎన్నికల్లో నిలబడాలంటే సంపాదకుడు రాజీనామా చేసి తీరాలి.

వాస్తవం: ప్రైవేటు పత్రికైతే చట్టం ఆ పట్టు పట్టదు. నాకు కోపం తెప్పించేది ఇదే. పొద్దున అభ్యర్థిగా ప్రచారం చేసి, సాయంత్రం ప్రత్యర్థి వార్తకు శీర్షిక పెట్టడం తప్పు, చట్టం అడ్డుకోకపోయినా తప్పే. దీన్ని మీరే పసిగట్టొచ్చు. పత్రికలో ఓ పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ముద్రాపకుడు, ప్రచురణకర్త, సంపాదకుడి పేర్లుంటాయి. అభ్యర్థి ఇచ్చిన అఫిడవిట్ ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లో ఉంటుంది, అందులో వృత్తి రాయాలి. నామినేషన్ వేసిన రోజు పత్రికనూ ఆ అఫిడవిట్‌నూ పక్కపక్కన పెట్టుకుని చదవండి.