వడదెబ్బ: సెలైన్ కంటే ముందు బకెట్ నీళ్లు

పల్నాడులో ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరుగా పనిచేస్తున్నాను. ఎండాకాలం మా దగ్గరికి వచ్చే వడదెబ్బ కేసుల్లో నన్ను ఎక్కువ బాధపెట్టేది దారిలో వృథాగా పోయిన సమయం.

అపోహ: వడదెబ్బ తగిలితే ముందు సెలైన్ పెట్టించాలి.

ఒక ఏప్రిల్ మధ్యాహ్నం మిరప కల్లంలో తాలుకాయలు ఏరుతున్న ఒకామె పడిపోయింది. తోటి కూలీలు ఆటోలో ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గరికి తీసుకెళ్లారు. సీసా సగం ఎక్కాక పొంతన లేకుండా మాట్లాడుతోందని మా దగ్గరికి తెచ్చారు. అప్పటికి గంటన్నర దాటింది. థర్మామీటర్ 106 దాటింది. చేతికి సెలైన్ సూది ఉంది గానీ, చీర మీద వేసుకున్న ఫుల్ హ్యాండ్స్ చొక్కా, తలకు బిగించి కట్టిన తువ్వాలు అలాగే ఉన్నాయి, పొడిగా. కల్లం పక్కనే డ్రమ్ము నిండా నీళ్లున్నాయట. ఆమె బతికింది. కిడ్నీలు కోలుకోవడానికి మాత్రం మూడు వారాలు పట్టింది.

ఒంటి వేడి 104 డిగ్రీలు దాటి మనిషి తికమకపడుతున్నాడంటే మెదడు, కిడ్నీలు, కాలేయం దెబ్బతింటున్నట్టే. తొలి అరగంటలో ఆ వేడి దించాలి. నీడకు చేర్చి, పైబట్టలు తీసి, తల నుంచి పాదాల దాకా నీళ్లు పోస్తూ గట్టిగా విసరండి. ఐస్ దొరికితే మెడకు, చంకల్లో, గజ్జల్లో పెట్టండి. ఈలోగా ఇంకొకరు 108కి ఫోన్ చేయాలి. బండిలో కూడా తడుపుతూనే ఉండాలి. 'ఒళ్లు కాలిపోతుంటే చన్నీళ్లేంటి' అని పెద్దవాళ్లు అడ్డుపడతారు, ఆగకండి. స్పృహ లేనివాళ్ల నోట్లో మాత్రం చుక్క నీళ్లు కూడా పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

అపోహ: చెమట పడుతోందిగా, వడదెబ్బ కాదు.

కష్టం చేస్తూ పడిపోయినవాళ్లకు ఒళ్లంతా చెమటతో తడిసే ఉండొచ్చు. చూడాల్సింది మాట, నడక. మాట తడబడినా, నడుస్తూ తూలినా, ఉన్నట్టుండి తిక్కగా ప్రవర్తించినా వడదెబ్బే అనుకోండి.

అపోహ: జ్వరం మాత్ర వేస్తే వేడి దిగుతుంది.

జ్వరంలో ఒంటి వేడి పెంచమని మెదడే చెబుతుంది. పారాసిటమాల్ ఆపేది దాన్నే. వడదెబ్బలో మెదడు అలా చెప్పదు, బయటి ఎండకు, చేసే పనికి పుట్టిన వేడి ఒంట్లోంచి పోలేక పేరుకుంటుంది. మాత్ర దాన్ని దించదు.

జేబులో ఉల్లిపాయ సంగతీ అంతే. మజ్జిగన్నంలో నంజుకోండి, బాగుంటుంది. జేబులో ఉంటే ఎండ ఆగదు.

అపోహ: ఓఆర్‌ఎస్ అని రాసి ఉన్న జ్యూస్ ప్యాకెట్ ఏదైనా ఒకటే.

చాలావాటిలో చక్కెర ఎక్కువ, ఉప్పు తక్కువ. హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడాక, 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఇలాంటి పానీయాల మీద ఆ పేరు వాడొద్దని ఆదేశించింది. ఆశా కార్యకర్త ఇచ్చే ఓఆర్‌ఎస్ పొడి చాలు. పెద్ద ప్యాకెట్ మొత్తం ఒక లీటరు నీళ్లలో కలపాలి, గ్లాసులో కాదు.

అపోహ: ఇంటిపట్టున ఉంటే భయం లేదు.

రేకుల ఇంట్లో మంచం మీద ఉన్న ముసలివాళ్ల గురించే నాకు ఎక్కువ టెన్షన్. పగలంతా కాగిన రేకు రాత్రి కూడా సెగ కక్కుతుంది, ఒంటికి తేరుకునే వ్యవధి ఉండదు. గదిలో 40 డిగ్రీలు దాటితే ఫ్యాన్ వేడిగాలే కొడుతుంది, కాబట్టి ఒంటికి తడిబట్ట చుట్టండి. పైకప్పుకు తెల్లసున్నం వేసినా తేడా తెలుస్తుంది. తెలంగాణ 2023లో దీనికోసం కూల్ రూఫ్ పాలసీనే తెచ్చింది. బీపీకి నీరు దించే మాత్ర వాడేవాళ్లు సొంతంగా మానేయకుండా, డోసు గురించి డాక్టర్‌ను అడగండి.

అపోహ: రోహిణి కార్తెలోనే ప్రమాదం.

2015 మే చివర్లో వచ్చిన వడగాలులు మనకు గుర్తే. ఆ ఏడాది దేశంలో రెండు వేలమందికి పైగా పోయారు, ఎక్కువమంది మన రెండు రాష్ట్రాలవాళ్లే. కానీ ఒళ్లు ఎండకు అలవాటు పడటానికి వారం, రెండు వారాలు పడుతుంది. అందుకే మార్చి ఎండలు, పనికి కొత్తగా వచ్చినవాళ్ల మొదటి రోజులు కూడా ప్రమాదమే. కోస్తాలో 38 డిగ్రీలే కదా అనుకోవద్దు, గాలిలో తేమ నిండితే చెమట ఆరదు, ఆరని చెమట ఒంటిని చల్లబరచదు. వాతావరణం మారుతున్నకొద్దీ ఎండలు ముందే ముదురుతున్నాయి, రాత్రుళ్లు కూడా వేడెక్కుతున్నాయి.

మా మండలంలో కొందరు రైతులు కోతలు తెల్లవారుజామునే మొదలుపెట్టి పదకొండుకల్లా ఆపుతున్నారు. మా ఆశా కార్యకర్త ఏ కల్లానికి వెళ్లినా మేస్త్రీని ముందు అడిగేది ఒకటే: నీళ్ల డ్రమ్ము ఎక్కడ, చెంబు ఎక్కడ?