కాపురానికి పొమ్మన్న వలస కోర్టు: అపోహలు - వాస్తవాలు

జాతివివక్షనూ వలస పెత్తనాన్నీ కలిపి ఎదిరించే స్త్రీవాదాన్ని చాలా ఏళ్ళుగా పాఠం చెబుతున్నాను. ఏ తరగతిలోనైనా మొదటిరోజు వినపడే మాటలు ఇవే.

అపోహ: "తెల్లవాళ్ళు రాకపోతే ఆడవాళ్ళ బతుకులు మారేవే కావు."

వాస్తవం: 1829లో సతిని నిషేధించారు, కాదనను. రామమోహన్ రాయ్ అంతకు ముందునుంచే దానికోసం పోరాడుతున్నాడు. మరి అదే ప్రభుత్వపు కోర్టుల్లో ఏం జరిగింది? పదకొండేళ్ళకు పెళ్ళయిన రఖ్మాబాయి పెద్దయ్యాక ఆ కాపురం వద్దంది. భర్త బొంబాయి హైకోర్టుకెక్కాడు. 1885లో జడ్జి పిన్హే ఆ దావా కొట్టేశాడు. భార్యను బలవంతాన కాపురానికి రప్పించే పద్ధతి హిందూ ధర్మశాస్త్రంలో లేదని, ఇంగ్లండు నుంచి తెచ్చి ఇక్కడ నాటారని అన్నాడు. అప్పీలుతో అంతా తిరగబడింది. కాపురానికి వెళ్ళు, లేదా ఆరు నెలలు జైలుకెళ్ళు అని 1887లో తీర్పొచ్చింది. ఆమె జైలుకే సిద్ధపడింది. పాఠంలో ఇక్కడ తప్పకుండా ఆగుతాను. ఎందుకంటే ఇలాంటి కేసుల్లో జైలుశిక్షను ఇంగ్లండు 1884లోనే ఎత్తేసుకుంది. అంటే అక్కడ పనికిరాదనుకున్న శిక్ష మూడేళ్ళ తర్వాత కూడా ఇక్కడి ఆడదానికి పనికొచ్చింది! 1888లో భర్తకు డబ్బిచ్చి రాజీ చేసుకున్నారు. రఖ్మాబాయి లండన్ వెళ్ళి వైద్యం చదివి డాక్టరయింది.

ఈజిప్టును ఏలిన బ్రిటిష్ అధికారి లార్డ్ క్రోమర్ అక్కడి ఆడవాళ్ళ ముసుగును చూసి తెగ బాధపడ్డాడు. స్వదేశం చేరాక ఆడవాళ్ళకు ఓటు ఇవ్వకూడదనే సంఘానికి అధ్యక్షుడయ్యాడు.

అపోహ: "వలసవాదాన్ని తప్పుపట్టడమంటే మన ఆచారాల్ని వెనకేసుకురావడమే."

కానే కాదు. రఖ్మాబాయి మీద విరుచుకుపడ్డవాళ్ళలో తిలక్ కూడా ఉన్నాడు. ఆ విషయంలో 1887లో తీర్పిచ్చిన తెల్ల జడ్జీ, జాతీయ నాయకుడూ ఒక పక్కనే నిలబడ్డారు.

అపోహ: "ఈ స్త్రీవాదమంతా పాశ్చాత్య విశ్వవిద్యాలయాల్లో పుట్టింది."

వాస్తవం: 1929 నవంబరు, నైజీరియాలో ఒలోకో. న్వాన్యెరువా అనే వితంతువు పామాయిల్ తీసుకుంటోంది. జనాభా లెక్కలకొచ్చిన మనిషి, నీ మేకలెన్ని, గొర్రెలెన్ని, మనుషులెందరు అన్నాడు. "మీ అమ్మను లెక్కపెట్టారా?" అని ఎదురడిగింది. అంతకుముందు మగవాళ్ళను లెక్కపెట్టాక వాళ్ళ మీద పన్ను పడింది మరి. కబురు ఊరూరా పాకింది. వేలమంది ఇగ్బో జాతి స్త్రీలు బ్రిటిష్‌వాళ్ళు నియమించిన పెద్దల ఇళ్ళముందు చేరి, పాటలతో ఎండగట్టారు. సైన్యం కాల్పుల్లో యాభైమందికి పైగా చనిపోయారు. నా దృష్టిలో ఆమె అడిగిన ప్రశ్నే పెద్ద సిద్ధాంతం.

అపోహ: "జాతివివక్ష వేరు, ఆడవాళ్ళ సమస్య వేరు."

వాస్తవం: 1979లో పెళ్ళి చేసుకోవడానికి భారతదేశం నుంచి వెళ్ళిన 35 ఏళ్ళ టీచరుకు లండన్ హీత్రూ విమానాశ్రయంలో కన్యత్వ పరీక్ష చేశారు. నిజంగా పెళ్ళికానిదేనా అని తేల్చడానికట. ఆ అవమానం తెల్ల స్త్రీకి జరగదు, భారతీయ పురుషుడికీ జరగదు. ఆసియా, ఆఫ్రికా, కరీబియన్ మూలాలున్న స్త్రీలు కలిసి ఆ విమానాశ్రయంలోనే నిరసన తెలిపారు.

అపోహ: "వలస పాలన ముగిసిపోయింది, ఇంకా దాని గొడవెందుకు?"

వాస్తవం: కాపురానికి రప్పించే ఆ దావాను ఇంగ్లండు 1970లో పూర్తిగా రద్దు చేసుకుంది. మన హిందూ వివాహ చట్టంలో మాత్రం అది 9వ సెక్షన్‌గా ఉండిపోయింది. స్త్రీ శరీరం మీద ఆమెకున్న హక్కును ఇది కాలరాస్తుందని 1983లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో జస్టిస్ పి.ఎ. చౌదరి దాన్ని కొట్టేశారు. మరుసటేడే సుప్రీంకోర్టు మళ్ళీ నిలబెట్టింది. రఖ్మాబాయి తోసిపుచ్చిన ఆ దావా ఇప్పటికీ మన కోర్టుల్లో పడుతూనే ఉంది.