ఆటలోని నైపుణ్యాన్ని గళ్లలో పెట్టిందెవరు?

వ్యాయామ విద్య డిగ్రీ అయిన బీపీఈడీ పరీక్షకు చదువుతున్న ఎవరినైనా అడగండి, ఓపెన్ స్కిల్‌కూ క్లోజ్డ్ స్కిల్‌కూ తేడా టకటకా చెప్పేస్తారు. విలువిద్య క్లోజ్డ్, కబడ్డీ ఓపెన్. చుట్టూ ఏమీ మారకుండా ఉండి, ఎప్పుడు మొదలుపెట్టాలన్నది ఆడేవాడి చేతిలోనే ఉంటే క్లోజ్డ్. ఎదుటివాడి కదలికను బట్టి క్షణక్షణం మార్చుకోవాల్సి వస్తే ఓపెన్. పెద్ద కండరాలతో చేసేవి, వేళ్ల నేర్పుతో చేసేవి అని ఇంకో విభజన ఉంది. ఒక్కసారితో అయిపోయేవి, వరుసగా అల్లుకునేవి, ఆగకుండా సాగేవి అని మరొకటి. ఈ పట్టిక చూస్తే ఎవరో మైదానం గట్టున కూర్చుని ఆటగాళ్లను గమనిస్తూ రాసినట్టు అనిపిస్తుంది. నిజానికి ఇందులో చాలా భాగానికి పుట్టిల్లు మైదానం కాదు.

మొదటి గ్రాఫులు టెలిగ్రాఫ్ పనివాళ్లవి. 1897లో అమెరికాలోని ఇండియానా విశ్వవిద్యాలయానికి చెందిన విలియం లోవ్ బ్రయన్, నోబుల్ హార్టర్ మోర్స్ కోడ్ నేర్చుకునేవారి వేగాన్ని కొలిచి గీతలుగా గీశారు. సందేశాన్ని అందుకునే వేగం కొంతకాలం పెరిగింది, ఒకచోట నిలిచిపోయింది, మళ్లీ పైకి లేచింది. విడివిడి అక్షరాలు వినే దశ నుంచి పదాలుగా వినే దశకు వెళ్లడానికి ఆ మధ్యకాలం పడుతోందని వాళ్లు అర్థం చెప్పారు. రెండేళ్లకు రాబర్ట్ వుడ్‌వర్త్ కావాలని చేసే కదలికల్లో వేగం పెరిగేకొద్దీ గురి ఎలా తప్పుతుందో కొలిచాడు. అది కూడా ఆటలో కాదు, పెన్సిల్‌తో గీతలు గీయించి. మాస్కోలో నికొలాయ్ బెర్న్‌స్టెయిన్ 1920ల్లో సుత్తి దెబ్బలను పరిశీలించింది కేంద్ర కార్మిక సంస్థలో. సుత్తి ఒకే చోట పడుతున్నా, దాన్ని ఆడించే చేతి కీళ్ల కదలిక ప్రతి దెబ్బకూ కాస్త మారుతోందని గమనించాడు. ఈ చిన్న పరిశీలన తర్వాతి గళ్లన్నిటినీ ఇబ్బంది పెట్టాల్సింది. కానీ ఆయన రచనల సంకలనం ఇంగ్లిష్‌లోకి వచ్చేసరికి 1967 అయింది.

వ్యాయామ విద్యలో వాళ్లు ఈలోగా వేరే దారి పట్టారు. తెలివికి పరీక్ష ఉన్నప్పుడు కదలికకు ఎందుకు ఉండకూడదన్నది వాళ్ల ఆలోచన. డేవిడ్ బ్రేస్ 1927లో, అయోవాలో మెక్‌క్లాయ్ 1930ల్లో, హెరాల్డ్ బారో 1954లో తలా ఒక పరీక్షమాల తయారుచేశారు. ఇన్ని మార్కులు వస్తే ఈ పిల్లాడు ఏ ఆటైనా పట్టుకోగలడన్న నమ్మకం వాటి వెనుక ఉంది. మన ఊళ్లలో 'వాడికి ఆటలు పుట్టుకతో వచ్చాయి' అంటామే, దానికి శాస్త్రం ముసుగు వేసినట్టు.

ఆ నమ్మకాన్ని గట్టిగా కుదిపింది బర్క్లీలోని ఫ్రాంక్లిన్ హెన్రీ. ప్రతిస్పందన వేగం, కదలిక వేగం ఒకే మనిషిలో దాదాపు సంబంధం లేకుండా ఉన్నాయని 1950ల్లో ఆయన ప్రయోగాలు చూపించాయి. ఒక పనిలో చురుకైనవాడు ఇంకో పనిలోనూ చురుగ్గా ఉంటాడని చెప్పలేం, నైపుణ్యం ఆ పనికే సొంతం అన్నది ఆయన వాదం. అదే కాలంలో ఎడ్విన్ ఫ్లీష్‌మన్ అమెరికా వైమానిక దళంలో చేరేవాళ్ల మీద పరీక్షలు నడిపి, చాలాకాలం నిలకడగా ఉండే సామర్థ్యాలు వేరు, సాధనతో వచ్చే నైపుణ్యం వేరు అని విడదీశాడు. ఇంత జరిగినా బారో మూడంశాల పరీక్ష, అంటే నిలబడి దూకడం, వంకర పరుగు, మెడిసిన్ బాల్ అనే బరువైన బంతిని విసరడం, దశాబ్దాల తర్వాత మన సీబీఎస్‌ఈ 12వ తరగతి వ్యాయామ విద్య పాఠాల్లోకి వచ్చింది. కొలవడానికి తేలికైన ఆలోచన అంత సులువుగా పోదు.

నిర్వచనం విషయానికొస్తే, ఇవాళ్టి పుస్తకాల్లో కనిపించేదానికి మూలం మనస్తత్వవేత్త ఎడ్విన్ గుథ్రీ 1952లో చెప్పిన మాట. బ్రిటన్‌లో బార్బరా నాప్ 1963లో దాన్ని క్రీడలకు తెచ్చి, ఒక పదం చేర్చింది: నేర్చుకున్నది. ముందే అనుకున్న ఫలితాన్ని వీలైనంత కచ్చితంగా, చాలాసార్లు తక్కువ సమయంతోనో శక్తితోనో రెండింటితోనో రాబట్టగల, నేర్చుకున్న సామర్థ్యమే నైపుణ్యమని దాని సారం. గుడ్డిగా తగిలిన సిక్సర్ ఇందులోకి రాదు. లక్ష్మణ్ మణికట్టు అందం గురించీ ఈ నిర్వచనం నోరు విప్పదు. బంతి అనుకున్న చోటికి వెళ్లిందా, మళ్లీ అడిగితే మళ్లీ వెళ్తుందా, అంతే చూస్తుంది.

ఓపెన్, క్లోజ్డ్ జంట వచ్చింది కేంబ్రిడ్జ్ నుంచి. అక్కడ యుద్ధకాలంలో కెనెత్ క్రెయిక్ స్పిట్‌ఫైర్ విమానం కాక్‌పిట్‌తో పైలట్ల అలసటను కొలిచే ఏర్పాటు చేశాడు. 1944లో ఆయనే మొదటి డైరెక్టర్‌గా అనువర్తిత మనస్తత్వ పరిశోధన విభాగం ఏర్పడింది. అందులో పనిచేసిన క్రిస్టోఫర్ పౌల్టన్ 1957లో నైపుణ్యాల్లో ముందస్తు అంచనా గురించి రాస్తూ ఈ రెండు మాటలు వాడాడు. ఆయన ముందున్న ప్రశ్న యంత్రం దగ్గర కూర్చున్న మనిషి గురించి: తర్వాత ఏం జరగబోతుందో అతను ఎంతవరకు ఊహించాలి? నాప్ ఆ మాటలను ఆటల్లోకి తీసుకొచ్చింది. తెచ్చేటప్పుడే వాటిని రెండు పెట్టెలుగా కాక, ఒక గీతకు రెండు చివరలుగా చూపించింది. పరీక్ష జవాబుల్లో మాయమైంది సరిగ్గా ఆ గీతే.

కొలంబియా టీచర్స్ కాలేజీలో ఆన్ జెంటైల్ 1972లో మొదలుపెట్టి తర్వాతి ఏళ్లలో దీన్ని ఇంకా చీల్చింది. ఆమె అడిగిన ప్రశ్నలు రెండు. ఎదుట ఉన్నది కదులుతోందా? ఒక ప్రయత్నానికీ ఇంకో ప్రయత్నానికీ మారుతోందా? నెట్స్‌లో బౌలింగ్ మెషీన్ ముందు నిలబడ్డ బ్యాటర్‌ను తీసుకోండి. బంతి కదులుతోంది, కానీ ప్రతిసారీ ఒకేలా వస్తోంది. అసలు బౌలర్ ఎదురైతే రెండు ప్రశ్నలకూ జవాబు అవుననే. మెషీన్ ముందు వందలు బాది మ్యాచ్‌లో తేలిపోయే కుర్రాళ్ల కథ ఈ తేడాలోనే ఉంది. విలువిద్య కూడా పుస్తకంలో ఉన్నంత మూసుకుని లేదు. హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు గెలిచిన మన విజయవాడ అమ్మాయి జ్యోతి సురేఖకు కాంపౌండ్ (కప్పీలున్న విల్లు) విభాగంలో 50 మీటర్ల దూరంలో లక్ష్యం కదలదు, నిజమే. గాలి మాత్రం బాణం బాణానికీ మారవచ్చు. జెంటైల్ తన పట్టికను చివరికి 16 గళ్లకు పెంచింది. చిత్రంగా దాన్ని క్రీడా కోచ్‌ల కంటే ఫిజియోథెరపిస్టులే ఎక్కువ అక్కున చేర్చుకున్నారు, పక్షవాతం వచ్చినవారికి మళ్లీ నడక నేర్పేటప్పుడు.

ఈ గళ్ల గొడవ ఎందుకంటే, ఏ గడిలో పెట్టామన్నదాన్ని బట్టి సాధన నిర్ణయమైపోతుంది. క్లోజ్డ్ అనగానే ఒకే కదలికను పదేపదే చేయించడం ఆనవాయితీ. బ్యాడ్మింటన్ సర్వీస్ ఆ కోవలోనిదే: షటిల్ మన చేతిలో ఉంటుంది, సమయం మనది. 1986లో సైనా గుడ్, రిచర్డ్ మాగిల్ అప్పుడే ఆట నేర్చుకుంటున్న 30 మంది అమ్మాయిలకు షార్ట్, లాంగ్, డ్రైవ్ సర్వీసులు మూడు వారాలపాటు నేర్పించారు. కొందరికి రోజుకొక సర్వీసే, కొందరికి మూడూ ఒక వరుసలో, కొందరికి ఏది ఎప్పుడొస్తుందో తెలియకుండా కలగాపులగంగా. తర్వాత పెట్టిన పరీక్షలో కలగాపులగంగా సాధన చేసినవాళ్లే మెరుగ్గా నిలిచారు. సాధనంతా కుడి కోర్టు నుంచి జరిగింది. అలవాటు లేని ఎడమ కోర్టు నుంచి సర్వ్ చేయమన్నప్పుడూ వాళ్లే ముందున్నారు.