ఉప్పునీళ్ల మీద తేలే మంచినీళ్లు

టోకెలావ్ అనే దీవులకు విమానం లేదు. సమోవా రాజధాని అపియాలో ఓడ ఎక్కి, పసిఫిక్ మహాసముద్రంలో ఉత్తరంగా సుమారు 500 కిలోమీటర్లు వెళ్లాలి. సముద్రం ఉన్న తీరును బట్టి ఒక పగలూ ఒక రాత్రీ, ఒక్కోసారి ఇంకాస్త ఎక్కువే పడుతుంది. టికెట్ కొన్నంత మాత్రాన బయల్దేరడానికి వీల్లేదు. ఏ ఊరికి వెళ్లదలచుకున్నారో ఆ ఊరి పెద్దల సభ ఒప్పుకోవాలి. ఆ సభను వాళ్లు తౌపులేగా అంటారు. వచ్చే మనిషి తాగే నీళ్లు, తినే తిండి ఊరి లెక్కలోంచే పోతాయి కాబట్టి ముందే అడగమనడంలో నాకైతే తప్పేమీ కనిపించదు.

అక్కడున్నవి మూడు అటాల్‌లు: అటాఫు, నుకునోను, ఫకాఓఫో. ఒక్కోటీ ఉంగరం ఆకారంలో ఉండే పగడపు దిబ్బ, దాని మీద అక్కడక్కడా సన్నటి ఇసుక దీవులు, మధ్యలో లగూన్ అనే నిలకడ నీటి మడుగు. మూడింటి పొడి నేలా కలిపితే పది, పన్నెండు చదరపు కిలోమీటర్లు. జనాభా దాదాపు 1,500. సముద్రమట్టం నుంచి అత్యంత ఎత్తయిన చోటు కూడా అయిదు మీటర్ల దగ్గరే ఆగిపోతుంది. దేశం కాదు, 1949 నుంచి న్యూజిలాండ్‌లో భాగం. 2006లోనూ 2007లోనూ స్వయంపాలన మీద ఓటింగ్ జరిగింది. రెండుసార్లూ ఎక్కువమంది అవునన్నారు గానీ, కావలసిన మూడింట రెండు వంతుల మెజారిటీకి కొంచెం తగ్గింది.

ఓడ అక్కడికి చేరాక అసలు టెన్షన్ మొదలవుతుంది. రేవు లేదు. లంగరు వేద్దామంటే పగడపు దిబ్బ అంచు దాటగానే సముద్రం నిటారుగా లోతుకు పడిపోతుంది. అందుకని ఓడ బయటే ఆగుతుంది. ఊరి నుంచి బార్జి వస్తుంది. మనుషులూ, బియ్యం బస్తాలూ, గ్యాస్ సిలిండర్లూ అన్నీ అలల ఊపు చూసుకుని అందులోకి దిగాలి. దిబ్బను పేల్చి చేసిన ఇరుకు కాలువ గుండా బార్జి ఒడ్డుకు చేరుతుంది. సముద్రం బాగా లేకపోతే ఓడ చుట్టూ తిరుగుతూ కాచుకోవలసిందే.

ఆ నిటారు అంచే అటాల్ పుట్టుక కథ చెబుతుంది. 1836లో హిందూ మహాసముద్రంలోని కోకోస్ దీవులు చూసిన చార్లెస్ డార్విన్, 1842లో తన వివరణ ప్రచురించాడు: మొదట సముద్రంలో అగ్నిపర్వతం లేస్తుంది, దాని చుట్టూ పగడాలు పెరుగుతాయి, పర్వతం మెల్లగా కుంగుతూ పోతుంది, పగడాలకు వెలుతురు కావాలి కాబట్టి అవి పైపైకి కట్టుకుంటూ వస్తాయి. చివరికి కొండ మునిగిపోతుంది, చుట్టూ ఉన్న ఉంగరం మిగులుతుంది. విచిత్రం ఏమిటంటే, నిజమైన పగడపు దిబ్బను ఒక్కదాన్నీ చూడకముందే, దక్షిణ అమెరికా పడమటి తీరంలో ఉండగానే ఆయనకీ ఆలోచన వచ్చింది. ఇది తేల్చడానికి 1896-98 మధ్య లండన్ రాయల్ సొసైటీ తువాలులోని ఫునాఫుటి అటాల్‌లో బోరు వేయించింది. 340 మీటర్ల దాకా వెళ్లినా పగడపు సున్నపురాయే తగిలింది తప్ప కొండ తగల్లేదు. 1952లో మార్షల్ దీవుల్లోని ఎనెవెటాక్ అటాల్‌లో అమెరికా వాళ్లు తవ్వితే 1,200 మీటర్లు దాటాక అగ్నిపర్వత శిల కనిపించింది. డార్విన్ నెగ్గాడు. ఆ తవ్వకం జరిగింది హైడ్రోజన్ బాంబు పరీక్ష కోసం సిద్ధం చేస్తున్న చోట అన్నది వేరే సంగతి.

ఊరు ఎక్కడ కట్టుకోవాలన్నది కూడా ఈ నేలే నిర్ణయించింది. తూర్పు నుంచి వ్యాపార పవనాలు ఏడాది పొడవునా అలల్ని తోస్తుంటాయి. అటువైపు ఒడ్డున పగడపు రాళ్ల గుట్టలే ఎక్కువ. మూడు అటాల్‌లలోనూ ఊరు పడమటి అంచునే, గాలి చాటున ఉంది. ఫకాఓఫోలో పాత ఊరు ఫాలే అనే చిట్టి దీవి మీద ఇళ్లు ఇళ్లను తాకేంత ఇరుగ్గా ఉంటుంది. పందులకు కూడా నేల చాలదు. అవి నీళ్లలోకి దిగి, దిబ్బ మీద ఏరుకు తింటాయి, ఈదుతాయి కూడా.

చుట్టూ కనుచూపు మేర నీళ్లే ఉన్న ఈ ఊళ్లకు నిజమైన కరువు నీళ్లదే. నది లేదు, వాగు లేదు. కురిసిన వాన ఇసుకలోకి ఇంకిపోతుంది. కానీ మాయమవదు. మంచినీళ్లు ఉప్పునీళ్ల కంటే కొంచెం తేలిక. సముద్రపు నీటి సాంద్రత ఎక్కువ అన్నది రెండున్నర శాతమే అయినా, ఆ తేడా చాలు: దీవి కింద ఇసుకలోకి ఇంకిన సముద్రపు నీటి మీద వాన నీరు మధ్యలో మందంగా, అంచుల్లో పలచగా తేలుతూ నిలబడుతుంది. లెక్క ప్రకారం భూగర్భజలం సముద్రమట్టానికి ఒక అడుగు పైన ఉంటే, దాని కింద నలభై అడుగుల మంచినీళ్లు ఉండాలి. మన కోస్తాలో సముద్రానికి దగ్గరి ఇసుక నేలల్లో చేతిపంపు పైపైన వేస్తే తియ్యటి నీళ్లూ, లోతుకు దింపితే ఉప్పునీళ్లూ రావడం వెనక ఉన్నది ఇదే భౌతికశాస్త్రం.

అటాల్‌లో మాత్రం లెక్కలో చెప్పినంత దక్కదు. ఆటుపోట్లు రోజుకు రెండుసార్లు కింద నుంచి కలియబెడతాయి. పదిహేను నుంచి పాతిక మీటర్ల లోతులో పాత సున్నపురాయి మొదలవుతుంది. పూర్వం మంచుయుగాల్లో సముద్రం దిగిపోయినప్పుడు అది వానలకు కరిగి బొరియలు పడిపోయింది. అందులోకి సముద్రపు నీరు ఇష్టం వచ్చినట్టు వచ్చిపోతుంటుంది, మంచినీళ్లు నిలవవు. దీవి మరీ సన్నదైతే ఆ పొర కూడా ఏర్పడదు. అందుకే ఇళ్ల దగ్గర పెద్ద సిమెంటు ట్యాంకులు కట్టి, రేకుల పైకప్పు మీద పడ్డ వానను వాటిలోకి మళ్లిస్తారు. తాగేది ఆ నీళ్లే.

నేలలోని నీటిని తిండికి వాడుకునే తీరు మరీ ఆసక్తికరం. పులాకా అని చేమదుంపల కుటుంబానికే చెందిన భారీ దుంప ఒకటుంది. దానికి బురద కావాలి. అటాల్‌లో బురదెక్కడిది? మనుషులే ఇసుకను తవ్వి, కింద మంచినీళ్లు తగిలేదాకా దిగి, ఆ గోతిలో ఎండాకులు, కొబ్బరి పీచు, చెత్తా వేసి కుళ్లబెట్టి, తరాల తరబడి నల్లటి మట్టిని తయారు చేసుకున్నారు. అటాల్ ఇసుక అంతా సున్నమే కాబట్టి మొక్కలకు ఇనుము అందక ఆకులు పాలిపోతాయి. తుప్పు పట్టిన డబ్బాలను మొక్కల మొదట్లో పాతే అలవాటు కొన్ని పసిఫిక్ అటాల్‌లలో అందుకే వచ్చింది. ఏ వ్యవసాయ పరిశోధన కేంద్రమూ చెప్పకుండానే కనిపెట్టారు.

వాన తప్పితే ఏమవుతుందో 2011లో తెలిసింది. లా నినా వచ్చిందంటే మధ్య పసిఫిక్ చల్లబడి మేఘాలు పడమటికి జరుగుతాయి. ఆ అక్టోబరులో టోకెలావ్‌లో వారానికి కూడా సరిపోని తాగునీరు మిగిలింది. అత్యవసర పరిస్థితి ప్రకటించారు. న్యూజిలాండ్, అమెరికా కలిసి ఓడ మీద నీళ్లు పంపాయి.

ఇలాంటి చోట ఎవరి మానాన వాళ్లు దాచుకుని బతకడం కుదరదు. ఇనాతి అనే పద్ధతి అక్కడే పుట్టింది. ఊరి తరఫున వేటకు వెళ్లిన పడవలు తిరిగి రాగానే చేపలను ఎవరూ ఇంటికి పట్టుకుపోరు. ఒడ్డున నేల మీద కుప్ప పోస్తారు. పంచడానికి ఊరు నియమించిన మనుషులుంటారు. వాళ్లు ఊరిలోని ఒక్కో భాగంలో ఎంతమంది ఉన్నారో లెక్కగట్టి, చేపలను చిన్న చిన్న కుప్పలుగా సర్దుతారు. పెద్ద చేపలను కోసి ముక్కలుగా వేస్తారు. వేటకు వెళ్లినవాడికీ, మంచం పట్టిన ముసలివాడికీ, నిన్న పుట్టిన బిడ్డకూ లెక్కలో చోటుంటుంది. కుప్పలు సిద్ధమయ్యాక పేర్లు పిలుస్తారు. పిల్లలు వచ్చి తమ ఇంటి వాటా పట్టుకుపోతారు. సొంతంగా వేటకు వెళ్లినప్పుడు చేప పట్టినవాడిదే. అయితే తాబేలు, మార్లిన్ లాంటివి పడితే మాత్రం ఊరికి అప్పగించాల్సిందే. దీన్ని మంచితనం అనేసి ఊరుకుంటే సరిపోదనుకుంటాను. ఫ్రిజ్‌లు లేని కాలంలో, రేపు ఎవరి పడవకు చేప పడుతుందో తెలియని చోట, నష్టభయాన్ని ఊరంతా పంచుకునే ఏర్పాటది. ఇప్పుడు ఫ్రీజర్లు వచ్చాయి, జీతాలు వచ్చాయి, దుకాణంలో డబ్బా మాంసం దొరుకుతోంది. అయినా ఇనాతి పోలేదు.

కరెంటు సంగతి క్లుప్తంగా. 2012లో 4,032 సోలార్ ప్యానెళ్లు, 1,344 బ్యాటరీలు పెట్టి, డీజిల్ జనరేటర్లతో నడిచే ఊళ్లను దాదాపు పూర్తిగా సౌరశక్తికి మార్చారు. 2022లో సముద్రగర్భ కేబుల్ ఇంటర్నెట్ కూడా వచ్చేసింది. విమానం లేదు, ఫైబర్ ఉంది. సాయంత్రాలు కిలికితి ఆడుకుంటారు. అది మన క్రికెట్టే, మిషనరీల కాలంలో సమోవాకు చేరి, మూడు అంచుల బ్యాటుతో, పదకొండు మందే ఉండాలన్న పట్టింపు లేకుండా మారిపోయింది.

కొబ్బరి గురించి చెప్పకపోతే మన పాఠకులు ఊరుకోరు. 1966లో తుఫాను టోకెలావ్‌ను దెబ్బతీశాక, న్యూజిలాండ్ చాలా కుటుంబాలను తమ దేశానికి తరలించింది. వెల్లింగ్టన్‌లో ఇయాన్ ప్రయర్ అనే వైద్యుడికి ఇందులో అరుదైన అవకాశం కనిపించింది: ఒకే జాతి మనుషులు, సగం మంది దీవిలో, సగం మంది నగరంలో. ఏళ్ల తరబడి ఇద్దరినీ పరీక్షించారు. 1981లో ఆయన బృందం ప్రచురించిన వ్యాసం ప్రకారం టోకెలావ్ వాళ్ల తిండిలో 63 శాతం కేలరీలు కొబ్బరి నుంచే వచ్చేవి. కుక్ దీవుల్లోని పుకాపుకా అటాల్‌లో అది 34 శాతం. కొబ్బరి ఎక్కువ తిన్న టోకెలావ్ వాళ్ల కొలెస్ట్రాల్ నిజంగానే ఎక్కువగా ఉంది. అయినా రెండు చోట్లా గుండె జబ్బులు అరుదు. నగరానికి వెళ్లినవాళ్ల తిండిలో సంతృప్త కొవ్వు తగ్గింది, కానీ వాళ్లలో బరువు, రక్తపోటు, షుగర్, గౌట్ అనే కీళ్ల జబ్బు పెరిగాయి.

కొబ్బరినూనె మంచిదని వాట్సాప్‌లో తిరిగే మెసేజ్‌లలో ఈ అధ్యయనం తరచూ కనిపిస్తుంది, సగమే కనిపిస్తుంది. వాళ్లు తిన్నది నూనె సీసా కాదు. కొబ్బరి ముక్క, కొబ్బరి పాలు, దాంతో పాటు రోజూ చేప. చక్కెర బదులు, పూగెలను గీసి తీసిన తియ్యటి నీరాను కాచి వాడుకునేవారు. పడవ తెడ్డు వేసేవారు. వీటిలో ఏది కాపాడిందో విడదీసి చెప్పే వీలు ఆ అధ్యయనంలో లేదు.

ఇక అందరూ అడిగే ప్రశ్న: ఇవి మునిగిపోతాయా? అటాల్ దీవి అంటే కదలకుండా పడి ఉన్న నేల కాదు. ఇసుకను రోజూ ప్రాణులు తయారు చేస్తుంటాయి. చిలుక చేపలు గట్టి పళ్లతో చచ్చిన పగడాన్ని కొరికి, గొంతులో నూరి, తెల్లటి ఇసుకగా విసర్జిస్తాయి. మాల్దీవుల్లో ఒక దిబ్బ దగ్గర 2015లో లెక్కేస్తే ఇసుకలో 85 శాతం వాటి పుణ్యమే అని తేలింది. పసిఫిక్‌లో చాలా చోట్ల ఫొరామినిఫెరా అనే ఏకకణ జీవుల పెంకులే ఒడ్డు ఇసుకలో ప్రధాన భాగం. అలలు ఆ ఇసుకను ఒకచోట కోసి ఇంకోచోట పోస్తాయి. పొరుగునున్న తువాలులో 101 దీవుల పాత ఫొటోలను కొత్త ఉపగ్రహ చిత్రాలతో పోల్చిన పరిశోధకులు, నాలుగు దశాబ్దాల్లో సముద్రమట్టం పెరిగినా మొత్తం నేల 2.9 శాతం పెరిగిందని 2018లో చూపించారు. వాతావరణ మార్పు అబద్ధమని వాదించేవాళ్లు దీన్ని ఎగరేసుకుపోయారు. అది తొందరపాటు. నేల ఉండటం వేరు, ఆ నేల మీద బతకగలగడం వేరు.

2005 ఫిబ్రవరిలో పెర్సీ తుఫాను టోకెలావ్‌నూ పుకాపుకానూ కొట్టింది. పుకాపుకాలో సముద్రం దీవి మీదుగా పొర్లి, పైనుంచి ఉప్పునీళ్లు ఇసుకలోకి దిగాయి. అప్పటిదాకా కింద ఉండే ఉప్పు ఇప్పుడు మంచినీళ్ల నెత్తి మీదికి వచ్చింది. వానలు దాన్ని కడిగి, నేలలోని నీరు మళ్లీ తాగేలా అవడానికి 11 నెలలు పట్టింది. 26 నెలల తర్వాత కూడా ఆ ఉప్పు ఆనవాళ్లు నేలలో కనిపించాయి. పులాకా లాంటి దుంపలకు అంత ఓపిక ఉండదు, వేళ్లకు ఉప్పు తగిలితే కుళ్లిపోతాయి.

2018లోనే మార్షల్ దీవుల్లోని రోయ్-నమూర్ మీద జరిగిన మరో అధ్యయనం ఈ కోణంలోంచే లెక్క వేసింది. దీవి ఎప్పుడు మునుగుతుందని అడగలేదు. అలలు దాని మీదుగా ఎన్నాళ్లకోసారి పొర్లుతాయని అడిగింది. సముద్రమట్టం కొద్దిగా పెరిగినా, దిబ్బ దాటి వచ్చే అల ఎత్తు పెరుగుతుంది. ఏడాదికోసారి నీళ్లు మీదపడటం మొదలయ్యే రోజు, చాలా అటాల్‌లకు ఈ శతాబ్దం మధ్యలోనే రావచ్చని దాని అంచనా. పుకాపుకా నేలకు తేరుకోవడానికి పట్టింది 11 నెలలు. రెండు పొర్లింపుల మధ్య అంత వ్యవధి కూడా దొరక్కపోతే, దీవి విస్తీర్ణం పెరుగుతూ ఉన్నా, దాని కింది నీళ్లు మళ్లీ తియ్యన కావు.