తలమునకలు: తల మునిగినా కంగారు లేని మాట

"పనుల్లో తలమునకలుగా ఉన్నా, సాయంత్రం ఫోన్ చేస్తా" అనే మనిషి గొంతులో పెద్ద టెన్షన్ వినిపించదు. మాట విడదీసి చూస్తే మాత్రం అతను నీళ్లలో మునిగి ఉన్నాడు. తల మునిగేంత లోతు అనేదే తలమునకకు అసలు అర్థం.

కొలబద్ద చేతిలో లేనప్పుడు నీళ్లను ఒంటితోనే కొలుస్తాం: మోకాలి లోతు, మొలలోతు, పీకల్లోతు, ఆపైన తలమునక. మొదటి రెండూ నీళ్లలో, బురదలో ఉండిపోయాయి. మోకాలి లోతు అప్పుల్లో ఉన్నానని ఎవరూ అనరు. చివరి రెండే గట్టెక్కి మన కష్టసుఖాల్లోకి వచ్చాయి.

వచ్చాక తారుమారయ్యాయి. పీకల్లోతు నీళ్లలో ఉన్నవాడు గడ్డం పైకెత్తి ఊపిరి తీసుకోగలడు, కేక వేయగలడు. ఇంకో జానెడు నీరు పెరిగితే ఆ కేకా ఉండదు. లెక్కప్రకారం తలమునకే ఎక్కువ ప్రమాదం. వాడుకలో అప్పులు, కష్టాలు పీకల్లోతుకు దక్కాయి. తలమునకలకు పెళ్లి పనులు, ఎన్నికల ప్రచారం మిగిలాయి.

నాకు తోచిన కారణం ఇది. పీకకు నీళ్లతో పనిలేకుండానే భయం ఉంది. 'పీకల మీదికి తెచ్చుకున్నాడు' అంటాం కదా. (పీకలదాకా తాగినవాడి సంగతి వేరు, అక్కడ నీరు లోపలుంటుంది.) మునకలో స్నానం ఉంది. నదిలో మూడు మునకలు వేసేవాడు ఇష్టపడే తల ముంచుతాడు, లేచి వస్తాడు. దాని క్రియకు ఈ ఊరట లేదు: వ్యాపారం మునుగుతుంది, కొంప మునుగుతుంది. మునుగు పాత మాట. తమిళ, కన్నడాల్లోని ముళుగు దానికి చుట్టమే.

బహువచనం కూడా గమనించండి. నీటి లోతుకు ఎక్కువగా తలమునక అంటాం, పనులకు తలమునకలు. తల ఒకటే, మునకలు చాలా. అంటే మధ్యమధ్యలో తల పైకి వస్తోందన్నమాట.

నిజంగా తట్టుకోలేనప్పుడు చెప్పడానికి ఉక్కిరిబిక్కిరి ఉంది. పొగకైనా, ప్రశ్నల వర్షానికైనా, పట్టలేని సంతోషానికైనా అందులో ఊపిరాడకపోవడం చెక్కుచెదరలేదు. ఈమధ్య చాలామంది 'ఓవర్‌వెల్మ్ అయిపోయా' అంటున్నారు. అదీ మునిగిన మాటే. 14వ శతాబ్దపు ఇంగ్లిష్‌లో దానికి తలకిందులు చేయడమని అర్థం. నీరు పూర్తిగా కప్పేయడం తరవాత చేరింది.