కడుపు నిండిందని చెప్పేది ఎవరు?

భోజనానికి కూర్చున్న మనిషి ఎప్పుడు చాలనుకుంటాడు? కడుపు నిండినప్పుడు అన్న జవాబు వెంటనే తోస్తుంది. వందేళ్లకు పైగా శరీరధర్మ శాస్త్రజ్ఞులు ఈ జవాబును పరీక్షిస్తూనే ఉన్నారు, అది సగమే నిజమని మళ్లీ మళ్లీ తేలుతూ వచ్చింది. పేగులు, కొవ్వు కణాలు, తినే వేళ, క్రితం పూట తిన్నదాని జ్ఞాపకం, చివరికి తింటున్నప్పుడు మన చూపు ఎక్కడుంది అన్నది కూడా ఆ నిర్ణయంలో పాలుపంచుకుంటాయి. తిండి మీద అదుపు లేకుండా పోయిందని బాధపడేవారు సాధారణంగా తమ మనోనిబ్బరాన్నే తప్పుపట్టుకుంటారు. ఆ నింద చాలావరకు అన్యాయమైనదని, ముందుగా మార్చుకోవలసింది మనం తినే పరిస్థితులనని ఇంతకాలపు పరిశోధన నాకు నచ్చజెప్పింది.

కథ 1912 నాటి హార్వర్డ్ ప్రయోగశాలలో మొదలవుతుంది. వాల్టర్ కానన్ దగ్గర పనిచేసే వాష్‌బర్న్ అనే యువకుడు సన్నని గొట్టానికి కట్టిన రబ్బరు బుడగను మింగి, కడుపులో దానిని గాలితో నింపించుకుని కూర్చునేవాడు. కడుపు కండరాలు బిగుసుకున్నప్పుడల్లా బుడగ నొక్కుకుని ఆ ఒత్తిడి ఒక కాగితం మీద గీతగా నమోదయ్యేది. ఆకలి మెలిపెట్టినప్పుడల్లా వాష్‌బర్న్ ఒక మీట నొక్కేవాడు, ఆ గుర్తులు గీతలోని ఎత్తులతో సరిపోలేవి. దానితో ఆకలి అంటే ఖాళీ కడుపు ముడుచుకోవడమేనన్న నమ్మకం బలపడింది. అయితే జబ్బు కారణంగా కడుపును పూర్తిగా తొలగించవలసి వచ్చిన రోగులకు కూడా ఆకలి వేస్తూనే ఉంటుందని ఆ తరువాత వైద్యులు గమనించారు. కడుపు లేకపోయినా ఆకలి ఉందంటే, దానికి వేరే దారులు ఉండాలి.

ఆ దారుల్లో ముఖ్యమైనది 1999లో జపాన్‌లో బయటపడింది. మసయసు కొజిమా, కెంజి కంగావా బృందం గ్రెలిన్ అనే హార్మోన్‌ను కనుగొంది. ఇది ప్రధానంగా కడుపు గోడలోని కణాల నుంచి విడుదలై, రక్తం ద్వారా మెదడులోని హైపోథాలమస్‌ను చేరి తినమని పురికొల్పుతుంది. భోజనానికి ముందు పెరిగి, తిన్న తరువాత తగ్గే ఈ గ్రెలిన్‌లో సామాన్యులకు ఉపయోగపడే విశేషం ఒకటుంది. అది అలవాటైన వేళను పట్టుకుని నడుస్తుంది. రోజూ ఒంటిగంటకు భోంచేసే మనిషిలో పన్నెండున్నర ప్రాంతంలో పెరగడం మొదలవుతుంది, ఆ పూట ఏమీ తినకపోయినా కొంతసేపటికి తనంతట తానే దిగిపోతుంది. ఏకాదశి ఉపవాసం ఉండే పెద్దవాళ్లకు ఇది అనుభవంలో తెలిసిన విషయమే. మధ్యాహ్నం బాగా బాధించిన ఆకలి నాలుగింటికి అంతగా ఉండదు. సాయంత్రం అయిదింటికి మిక్చరు డబ్బా వైపు చేయి వెళుతున్నదంటే, అది శక్తి చాలక పోయిందన్న సూచన కావచ్చు, నిన్నా మొన్నా ఆ వేళకు తిన్న అలవాటు కూడా కావచ్చు.

చాలునని చెప్పే సంకేతాలు అంత వేగంగా రావు. ఆహారం పడగానే కడుపు గోడ సాగుతుంది, ఆ సాగుదలను వేగస్ నాడి మెదడుకు చేరవేస్తుంది. ఇది త్వరగానే జరుగుతుంది కాని, నీళ్లు తాగి కడుపు నింపుకున్నా ఇదే సంకేతం వెళుతుంది కాబట్టి మెదడు దీన్ని ఒక్కదాన్నే నమ్ముకోదు. కొవ్వు, మాంసకృత్తులు చిన్నపేగును చేరాక కోలిసిస్టోకైనిన్ అనే హార్మోన్ విడుదలవుతుంది; అది ఎలుకలలో తిండిని తగ్గిస్తుందని 1973లో గిబ్స్, యంగ్, స్మిత్ చూపించారు. పేగు దిగువ భాగాల్లో ఎక్కువగా ఉండే కణాలు జీఎల్‌పీ-1, పీవైవై అనే మరో రెండింటిని వదులుతాయి. ఇవన్నీ కలిసి గట్టిగా పైకి రావడానికి భోజనం మొదలైన తరువాత పావుగంట నుంచి అరగంట వరకు పడుతుంది. ఆఫీసులో డబ్బా మూత తీసి, ఏడెనిమిది నిమిషాల్లో ఖాళీ చేసి మళ్లీ కంప్యూటరు ముందుకు వెళ్లే ఉద్యోగి ఈ కబురు అందేలోపే తినడం ముగించేస్తాడు. ఇప్పుడు అందరి నోటా వినిపిస్తున్న బరువు తగ్గించే ఇంజెక్షన్ల ఆధారం కూడా ఈ వ్యవస్థే. మన ఒంట్లో పుట్టే జీఎల్‌పీ-1లో సగం ఒకటి రెండు నిమిషాల్లోనే విచ్ఛిన్నమైపోతుంది. దాన్ని అనుకరించే సెమాగ్లూటైడ్‌లో సగం తరగడానికి దాదాపు వారం పడుతుంది. క్షణకాలపు కబురును వారం రోజుల పాటు నిలబెట్టడమే ఆ మందు చేసే పని.

ఎంత వేగంగా తింటామన్నది మన స్వభావం మీదే కాక, తినే పదార్థం మీద కూడా ఆధారపడుతుంది. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో కెవిన్ హాల్ బృందం 2019లో ప్రచురించిన ప్రయోగంలో 20 మందిని నాలుగు వారాలు ఆసుపత్రిలోనే ఉంచి, రెండు వారాలు ఫ్యాక్టరీలో బాగా ప్రాసెస్ చేసిన ఆహారం, రెండు వారాలు సహజ రూపానికి దగ్గరగా ఉన్న ఆహారం పెట్టారు. వడ్డించిన కేలరీలు, చక్కెర, కొవ్వు, ఉప్పు, పీచు రెండింటిలోనూ సమానం; ఎవరికి ఎంత కావాలంటే అంత తినవచ్చు. ప్రాసెస్ చేసిన ఆహారం తిన్న రోజుల్లో వారు రోజుకు దాదాపు 500 కేలరీలు ఎక్కువ తిన్నారు, రెండు వారాల్లో సగటున సుమారు 900 గ్రాముల బరువు పెరిగారు. ఆ ఆహారాన్ని వారు మరింత వేగంగా తిన్నారు కూడా. నమలవలసిన పని లేకుండా మెత్తగా జారిపోయే తిండి, చాలునన్న సంకేతం కంటే ముందు పరుగెడుతుందన్నది దీనికి ఇచ్చిన వివరణల్లో ఒకటి. జొన్నరొట్టె, గోంగూర పప్పు నమిలి తినడానికి పట్టే సమయాన్ని, పొట్లం చిప్స్ పూర్తవడానికి పట్టే సమయాన్ని ఒకసారి పోల్చి చూస్తే విషయం బోధపడుతుంది.

ఇంతవరకు చెప్పినదంతా ఒంటికి సంబంధించినది. నన్ను అన్నిటికంటే ఎక్కువ ఆలోచింపజేసింది జ్ఞాపకానికి సంబంధించిన పరిశోధన. 1998లో పాల్ రోజిన్, అతని సహచరులు తీవ్రమైన మతిమరుపు ఉన్న ఇద్దరు రోగులతో ఒక చిన్న ప్రయోగం చేశారు. మెదడులో కొత్త జ్ఞాపకాలను నిలబెట్టే భాగం దెబ్బతినడం వల్ల కొద్ది నిమిషాల క్రితం జరిగినది కూడా వారికి గుర్తుండదు. వారికి మధ్యాహ్న భోజనం పెట్టి, తిన్న తరువాత ఆనవాళ్లన్నీ తీసివేసి, పది నుంచి ముప్పై నిమిషాల తరువాత భోజనం సిద్ధమైందంటూ మళ్లీ తెచ్చి పెట్టారు. వారు రెండోసారీ తిన్నారు. కొంతసేపటికి మూడోసారి తెస్తే అది కూడా తినడం మొదలుపెట్టారు. వారి కడుపులు నిండే ఉన్నాయి, హార్మోన్లు తమ పని తాము చేస్తూనే ఉండి ఉంటాయి. లేనిదల్లా ఇప్పుడే తిన్నామన్న ఎరుక.

ఆరోగ్యవంతులలోనూ ఇదే సూత్రం పనిచేస్తుందని బ్రిటన్‌కు చెందిన సుజాన్ హిగ్స్ వరుస ప్రయోగాలతో చూపించారు. మధ్యాహ్నం ఏం తిన్నారో గుర్తుచేసుకోమని అడిగినవారు సాయంత్రం చిరుతిండి తక్కువ తిన్నారు. టీవీ చూస్తూ భోంచేసినవారికి ఆ భోజనం మసకగా మాత్రమే గుర్తుండి, తరువాత ఎక్కువ తిన్నారు. గాజు గ్లాసుకు ఆనించిన ఫోనులో వీడియో నడుస్తుండగా రాత్రి అన్నం తినే దృశ్యం ఇప్పుడు మన ఇళ్లలో మామూలైపోయింది. కుడిచేయి తన పాటికి తాను కలిపి నోట్లో పెడుతూ ఉంటుంది. కూర ఎప్పుడు అయిపోయిందో, చారులో ఉప్పు తగ్గిందో లేదో ఆ మనిషి చెప్పలేడు. పది గంటలకు ఫ్రిజ్ తలుపు తెరిచి నిలబడటానికి ఆకలి కంటే ఆ మరుపే పెద్ద కారణం కావచ్చు. పసిపిల్లలకు ఫోను చూపించి ముద్దలు కుక్కే పద్ధతి నాకు ఇందుకే ఎక్కువ ఆందోళన కలిగిస్తుంది. చాలునన్న సంకేతాన్ని వినడం నేర్చుకోవలసిన వయసులో దాన్ని వినకుండా చేస్తున్నాం.

శ్రద్ధగా తినేవారికి అర్థమయ్యే విషయం మరొకటుంది. ఒకే రుచిని తింటూ పోతే దాని మీద ఇష్టం తగ్గుతూ వస్తుంది, కొత్త రుచి మీద మాత్రం తగ్గదు. 1980లలో బార్బరా రోల్స్, ఎడ్మండ్ రోల్స్ దీన్ని విస్తారంగా పరిశీలించారు. వేడి అన్నంలో ముద్దపప్పు, నెయ్యి, కొత్త ఆవకాయ కలిపిన మొదటి ముద్దకు ఉన్న రుచి ఎనిమిదో ముద్దకు ఉండదు, ఊరగాయ అదే, నెయ్యి అదే, నాలుక అలసింది. అప్పుడు కంచంలోకి పులుసు వస్తే ఆకలి మళ్లీ లేస్తుంది, పెరుగన్నం తరువాత కూడా జిలేబీకి చోటు దొరుకుతుంది. రోజువారీ భోజనంలో ఈ గుణం మేలే చేస్తుంది, రకరకాల పోషకాల వైపు మనల్ని నడిపిస్తుంది. పెళ్లి విందులో నలభై రకాలు పేర్చిన బఫే ముందు మాత్రం ఇదే గుణం మనల్ని ఓడిస్తుంది. అక్కడ ముందే ఒక చుట్టు తిరిగి అన్నీ చూసుకుని, నిజంగా ఇష్టమైన నాలుగింటిని మాత్రమే వడ్డించుకోవడం మంచి ఉపాయం.

ఇక చిన్న కంచంలో తింటే తక్కువ తింటామన్న సలహా విస్తారంగా ప్రచారంలో ఉంది. దాని ప్రచారానికి తోడ్పడిన కార్నెల్ విశ్వవిద్యాలయ పరిశోధకుడి పత్రాలు అనేకం లోపాల కారణంగా ఉపసంహరణకు గురయ్యాయి. దాని మీద ఎక్కువ ఆశ పెట్టుకోనవసరం లేదు.

కడుపు మాడ్చుకోవడం గురించి మాత్రం కొంత నిలిచి చెప్పాలి. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో, 1944-45లో, మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకు 24 వారాలు అరకొర ఆహారం పెట్టి పరిశీలించాడు. వారి బరువు దాదాపు నాలుగోవంతు తగ్గింది. అంతకంటే గమనించదగినది వారి మనసులో వచ్చిన మార్పు. తిండి తప్ప మరో ఆలోచన లేకుండా పోయింది. వంటల పుస్తకాలు చదివారు, వంటకాల వివరాలు సేకరించారు, ఉన్న కాస్త ఆహారాన్ని గంటల తరబడి సాగదీసుకుని తిన్నారు. ప్రయోగం ముగిశాక చాలామంది ఎంత తిన్నా తృప్తి దొరకడం లేదని చెప్పారు. వారు చపలచిత్తులు కారు, స్వచ్ఛందంగా ముందుకు వచ్చిన దృఢచిత్తులు. 1994లో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం కనుగొన్న లెప్టిన్ దీనికి ఒక కారణం చెబుతుంది. కొవ్వు కణాల నుంచి వచ్చే ఈ హార్మోన్, ఒంట్లో కొవ్వు నిల్వలు తగ్గినప్పుడు పడిపోతుంది, దాన్ని మెదడు కరువుగా భావించి ఆకలిని పెంచుతుంది. ఆహారాన్ని తీవ్రంగా తగ్గించి బరువు తగ్గినవారిలో ఏడాది గడిచినా ఆకలి హార్మోన్లు పాత స్థితికి రాలేదని ఆస్ట్రేలియా పరిశోధకులు 2011లో నివేదించారు. నిషేధాల బెడద మరొకటి. 1975లో హెర్మన్, మాక్ చేసిన ప్రయోగంలో, డైటింగులో ఉన్నవారికి ముందుగా మిల్క్‌షేక్ తాగిస్తే ఆ తరువాత ఐస్‌క్రీమ్ తక్కువ తినడానికి బదులు ఎక్కువ తిన్నారు. నియమం ఎలాగూ భంగమైంది కదా, ఈ రోజుకు ఇక హద్దు లేదన్న ఆలోచన అది. స్వీటును పాపంగా చూసేవారికే ఆ స్వీటు తిన్న రోజు పెద్ద ప్రమాదం.

మన సంస్కృతిలో తిండి ప్రేమకు గుర్తు. అత్తగారింట్లో అల్లుడు వద్దంటున్నా చేయి అడ్డం తీయించి మరో గరిటె వేస్తేనే మర్యాద. నేను ఆ ఆప్యాయతను తక్కువ చేయడం లేదు. కాని చాలన్న మాటను గౌరవించడం కూడా ఆప్యాయతే కావాలి, ముఖ్యంగా పిల్లల విషయంలో. సూప్ పూర్తి చేయమని ఒత్తిడి పెట్టిన పిల్లలు ఒత్తిడి లేనివారి కంటే తక్కువ తిన్నారని, దాని గురించి ఎక్కువ విముఖంగా మాట్లాడారని పెన్సిల్వేనియాలో జరిగిన ఒక ప్రయోగం చూపించింది. ఇంటి ఇల్లాలి సంగతి మరింత బాధాకరం. అందరికీ వడ్డించాక చివరన, వంటగదిలో నిలబడి, గిన్నె అడుగున మిగిలినదే ఆమె భోజనమవుతుంది. ఒకరోజు అది చాలదు, మరొకరోజు పారేయడానికి మనసొప్పక ఆకలికి మించి తినవలసి వస్తుంది. దేశంలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉందని అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. రక్తహీనతకు కారణాలు అనేకం. అయినా ఆమెను కూడా అందరితో పాటు కూర్చోబెట్టి కంచం నిండా కూరా పప్పూ వడ్డించకుండా ఆ ఇంట్లో ఆహారం పట్ల ఎరుక గురించి మాట్లాడటంలో అర్థం లేదు.

ఎరుకతో తినడం ఆధునిక వైద్యంలోకి జాన్ కబట్-జిన్ 1979లో అమెరికాలో మొదలుపెట్టిన ధ్యాన శిక్షణ ద్వారా వచ్చింది. ఒకే ఒక ఎండుద్రాక్షను చూసి, వాసన పీల్చి, నిదానంగా నమిలి తినడం అందులో పేరొందిన అభ్యాసం. దాని మూలాలు మాత్రం ఇక్కడివే. మితిమీరి తిని రొప్పుతూ వచ్చిన కోసల రాజు ప్రసేనజిత్తుకు బుద్ధుడు మితాహారం గురించి ఒక పద్యం చెప్పాడని, రాజు తన భోజన వేళ దాన్ని చదివి వినిపించడానికి ఒక యువకుణ్ణి నియమించుకుని క్రమంగా తిండి తగ్గించుకున్నాడని పాలీ గ్రంథాలు చెబుతాయి. ఈ అభ్యాసం వల్ల ఒక్కసారిగా అతిగా తినేయడం, దిగులు వచ్చినప్పుడల్లా తినడం తగ్గుతాయని అధ్యయనాలు బలంగానే చూపుతున్నాయి. బరువు తగ్గడం మీద దాని ప్రభావం మాత్రం స్వల్పమే; బరువు కోసమే మొదలుపెట్టేవారు ఈ తేడా ముందే తెలుసుకోవడం మంచిది.

ఆచరణలో ఇది పెద్ద కష్టమేమీ కాదు. ఫోనును వేరే గదిలో ఉంచి, మొదటి నాలుగైదు ముద్దలు పూర్తి ధ్యాసతో తినాలి. కూర, పప్పు ముందుగా కొంత తిని అన్నంలోకి రావడం మంచిది; కూరగాయలు, మాంసకృత్తులు ముందు తిని పిండిపదార్థాలు తరువాత తింటే మధుమేహం ఉన్నవారిలో భోజనానంతర చక్కెర తక్కువగా పెరుగుతుందని 2015 నాటి ఒక చిన్న అధ్యయనంలో తేలింది. రెండోసారి అన్నం పెట్టుకునే ముందు కొద్ది నిమిషాలు ఆగితే పేగుల కబురు అందుతుంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో ధాన్యాల నుంచి వచ్చే శక్తి 45 శాతం మించకూడదని చెప్పింది. మన కంచంలో అన్నం రాశి ఎంత, దాని పక్కన కూర ఎంత అన్నది కళ్లతో చూసుకుంటే ఈ అంకె మనకు ఎంత దూరమో తెలుస్తుంది.

ఆకలిని విని తినమనే సలహా అందరికీ వర్తించదు. ఇన్సులిన్ లేదా రక్తంలో చక్కెరను బాగా తగ్గించే మాత్రలు వాడేవారు ఆకలి కోసం ఎదురుచూడకుండా వైద్యుడు చెప్పిన వేళకు తినాలి. వృద్ధాప్యంలో ఆకలి దానంతట అదే మందగిస్తుంది, ఆకలి లేదని పూట మానేస్తే కండ కరిగిపోతుంది. అదుపు తప్పి తినడం, తిన్నదాన్ని వాంతి చేసుకోవడం, తిండిని చూసి భయపడటం పదేపదే జరుగుతుంటే అవి చికిత్స ఉన్న జబ్బులు. వాటికి మానసిక వైద్యుణ్ణి, ఆహార నిపుణుణ్ణి కలవడమే సరైన మొదటి పని.