గళ్ళలోంచి నడిచివచ్చిన గెర్టీ

చిరంజీవులైన పిల్లలకు తాతయ్య ఆశీస్సులు.

మొన్న సెలవుల్లో మీరు లెక్కల పుస్తకం అంచుల మీద పేజీకి ఒకటి చొప్పున కుక్క బొమ్మలు గీసి, బొటనవేలితో పేజీలను రెపరెపలాడించి ఆ కుక్కను పరుగెత్తించారు. పుస్తకం పాడుచేశారని మీ అమ్మ కోప్పడింది గాని, నాకు మాత్రం అమెరికా పత్రికా చిత్రకారుడు విన్సర్ మెక్కే గుర్తుకు వచ్చాడు. ఆయన కొడుకు రాబర్ట్ ఇంటికి తెచ్చిన ఇలాంటి చిన్న పుస్తకాలే, బొమ్మలను కదిలించవచ్చుననే ఆలోచన తనకు కలిగించాయని ఆయన చెప్పుకున్నాడు.

ఆయన మిషిగన్ రాష్ట్రంలో పెరిగాడు. సిన్సినాటిలో చవక టికెట్టు వింతల ప్రదర్శనశాలకు ప్రకటనల బొమ్మలు వేసి, ఆ ఊరి పత్రికల్లో పనిచేసి, 1903లో న్యూయార్క్ హెరాల్డ్ పత్రికలో చేరాడు. అక్కడ 1904లో మొదలుపెట్టిన ఒక బొమ్మల కథలో సామీ అనే పిల్లవాడు ప్రతిసారీ తుమ్ముతాడు. అంతకుమించి కథ లేదు. గడి తరువాత గడిలో చోటు మారదు, వెనుక దృశ్యం మారదు, వాడి ముఖం మాత్రం కొద్దికొద్దిగా ముడుచుకుంటూ పోయి, చివరకు ఆ తుమ్ముకు చుట్టుపక్కల ఉన్నదంతా తలకిందులవుతుంది. ఒకసారైతే గడి గీతలే పగిలి వాడి మీద పడ్డాయి! సినిమా తీయడానికి ఏడేళ్ళ ముందే ఆ గళ్ళలో సినిమా ఉన్నదని నా అభిప్రాయం. 1905 అక్టోబరు 15న మొదలైన 'లిటిల్ నీమో' అనే, ఒక పిల్లవాడి కలల బొమ్మల కథ ఆయనకు గొప్ప పేరు తెచ్చింది గాని, కదలికను ముక్కలుగా విడదీసి చూసే ఆ కన్ను నాకు తుమ్ములోనే స్పష్టంగా కనిపిస్తుంది.

1911లో నీమోనే తెర మీదికి తెచ్చాడు. అందుకోసం నాలుగు వేల బొమ్మలు గీశాడు. ఆ రోజుల్లో సెకనుకు పదహారు బొమ్మలు తిరిగేవనుకుంటే, అన్నీ కలిపి నాలుగు నిమిషాలు మాత్రమే వస్తాయి. కావలిస్తే ఆ లెక్కల పుస్తకంలోనే భాగించి చూసుకోండి. మరుసటి ఏడు ఒక దోమ కథ తీశాడు.

1914లో వచ్చిన గెర్టీ గురించి కాస్త వివరంగా రాస్తాను. గెర్టీ ఒక ఆడ డైనోసారు. వెనుక దృశ్యాన్ని ఒక్కసారే గీసి, కదిలే బొమ్మను మాత్రం పారదర్శకమైన సెల్యులాయిడ్ పలకల మీద వేసి దానిపై పరిచే పద్ధతి అప్పటికింకా ఆయన చేతికి రాలేదు కాబట్టి, గెర్టీ కదిలిన ప్రతిసారీ వెనుకనున్న రాళ్ళనూ చెరువునూ కూడా మళ్ళీ గీయవలసిందే. ఆ పని జాన్ ఫిట్జ్‌సిమన్స్ అనే యువకుడు పలుచని రైస్ పేపరు మీద చేసేవాడు. ఒక కాగితం మీద మరొకటి సరిగా కూర్చోవడానికి మూలల్లో కొండగుర్తులు ఉండేవి. గెర్టీ ఊపిరి ఎంతసేపు పీల్చి ఎంతసేపు వదలాలో తేల్చుకోవడానికి మెక్కే తన ఊపిరినే గడియారం పెట్టి కొలుచుకున్నాడు. నాటకశాలల్లో కొరడా పట్టుకుని తెర పక్కన నిలబడి, దానికి ఆజ్ఞలిచ్చేవాడు. కసిరితే అది కన్నీళ్ళు పెట్టుకునేది. చివర్లో ఆయన తెర వెనుకకు తప్పుకోగానే, బొమ్మగా మారిన మెక్కే గెర్టీ మీదెక్కి వెళ్ళిపోయేవాడు.

తన పద్ధతులను ఆయన దాచుకోలేదు, పేటెంటూ తీసుకోలేదు. పత్రికకు రాసేవాడినని చెప్పి వచ్చి, ఆ పని అంతా చూసిపోయిన జాన్ బ్రే అనే మరో బొమ్మల చిత్రకారుడు వాటికి పేటెంట్లు పుచ్చుకుని, పైగా మెక్కే మీదే దావా వేశాడు. దావాలో మెక్కే గెలిచాడు. బ్రే నుంచి ఆయనకు కొంతకాలం రాయల్టీ కూడా వచ్చింది.

కష్టం మరోవైపు నుంచి వచ్చింది. 1911 నుంచి ఆయన యజమాని అయిన పత్రికాధిపతి హర్స్ట్‌కు ఈ ప్రదర్శనలు నచ్చలేదు. వాటికి అడ్డుకట్ట వేసి, సంపాదకీయాలకు బొమ్మలు వేసే పనిలో కూర్చోబెట్టాడు. కలలు గీసిన చేతికి అది పెద్ద శిక్షేనని నేను అనుకుంటాను. అయినా ఆయన సొంత డబ్బుతో, 1915లో జర్మన్ జలాంతర్గామి ముంచిన లూసిటానియా ఓడ కథను ఈసారి సెల్యులాయిడ్ మీద గీసి 1918లో విడుదల చేశాడు. దాదాపు 1,200 మంది చనిపోయిన ఆ ప్రమాదాన్ని ఏ కెమెరా చిత్రించలేదు; చూడని దానిని చూసినట్టుగా ఆయన గీశాడు. 1921 తరువాత సినిమాలు దాదాపు ఆగిపోయాయి. పత్రికకు బొమ్మలు వేస్తూనే 1934లో కన్నుమూశాడు.

గెర్టీ సినిమా ఇంటర్నెట్‌లో దొరుకుతుంది. చూసేటప్పుడు దాని ముఖాన్ని కాదు, పాదాల కింద చూడండి: అడుగు వేసినప్పుడల్లా దాని బరువుకు నేల కుంగుతుంది. ఎక్కడెక్కడ కుంగిందో ఈసారి ఉత్తరంలో నాకు రాయండి.

మీ తాతయ్య